బీసెంట్ రోడ్డు మూల మీద అద్దాల ఐస్‌క్రీమ్ షాపు ఎవరికైనా గుర్తుందా?

పటమట_పద్మ
మా నాన్నకి డెబ్బై ఆరేళ్లు. రైల్వేలో చేసి రిటైరయ్యారు. పోయిన నెల కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఏది పెట్టినా నాలుగు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంటున్నారు. ఏం తినాలనుంది నాన్నా అని అడిగితే, కాసేపు ఆలోచించి "ఒకటో తారీఖు ఐస్‌క్రీమ్" అన్నారు.

ఎనభైల్లో మేం సత్యనారాయణపురం రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. జీతం వచ్చిన రోజు సాయంత్రం నలుగురం ఒకే రిక్షా ఎక్కి బీసెంట్ రోడ్డుకి వెళ్లేవాళ్లం. ఏలూరు రోడ్డు వైపు మూల మీద ఒక షాపు ఉండేది. మూడు మెట్లు ఎక్కాలి. లోపల రెండు వైపులా గోడ నిండా అద్దాలు. అమ్మకి ఫ్రూట్ సలాడ్, మా ముగ్గురికీ స్టీలు కప్పుల్లో పసుపు రంగు ఐస్‌క్రీమ్.

ఈ వారంలో బందరు రోడ్డు మీద మూడు పెద్ద పార్లర్లకి తీసుకెళ్లాను. ఒక్కో కప్పు రెండు వందల పైనే. ప్రతిచోటా ఒక స్పూను నోట్లో పెట్టుకుని, "బాగుంది, కానీ ఇది కాదమ్మా" అని నాకే ఇచ్చేశారు. ఆ షాపు ఏమైంది? అలాంటి ఐస్‌క్రీమ్ ఇప్పుడు విజయవాడలో ఎక్కడైనా చేస్తున్నారా? తెలిసినవాళ్లు చెప్పండి.

కృష్ణలంక_కుర్రాడు
అద్దాల షాపు! మా ఇంట్లో కూడా అదే పేరు. మెట్ల పక్కన కిళ్లీ కొట్టు ఉండేది కదా. తొంభైల చివర్లో మూసేశారు. ఇప్పుడు అక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. మెట్లు మాత్రం అవే.

రోహిణికార్తె
పద్మ గారూ, మనసులో మాట చెబుతాను, ఏమీ అనుకోకండి. ఆ రుచి ఐస్‌క్రీమ్‌ది కాదు. నెలకి ఒక్కసారి దొరికేది కాబట్టి అంత బాగుండేది. ఫ్రిజ్ లేని ఇల్లు, చల్లటి నీళ్లంటే కుండలో నీళ్లే. బెజవాడ ఎండలో నెలంతా మాడి, ఒకటో తారీఖున చల్లటిది నోట్లో పడితే అమృతంలానే ఉంటుంది. ఇప్పుడు మా పిల్లల కోసం ఫ్రిజ్‌లో ఎప్పుడూ రెండు డబ్బాలు ఉంటాయి. వాళ్లు అటు చూడను కూడా చూడరు.

వన్‌టౌన్_వాసి
రోహిణికార్తె గారితో సగం ఒప్పుకుంటా. మిగతా సగం సరుకులో తేడా. ఈసారి కొన్నప్పుడు డబ్బా తిప్పి చూడండి. చాలావాటి మీద ఐస్‌క్రీమ్ అని ఉండదు, ఫ్రోజెన్ డెజర్ట్ అని ఉంటుంది. అంటే పాల కొవ్వు బదులు పామాయిల్ లాంటి నూనె వాడారన్నమాట. మన దేశం రూల్ ప్రకారం మామూలు ఐస్‌క్రీమ్ అని రాయాలంటే అందులో కనీసం 10 శాతం పాల కొవ్వు ఉండాలి. నూనెతో చేసింది తిన్నాక నాలుక మీద జిడ్డు పొరలా మిగులుతుంది. పాలతో చేసింది కరిగిపోతుంది. పెద్దాయన నాలుకకి ఆ తేడా తెలియకుండా పోతుందా?

రోహిణికార్తె
పద్మ గారు వెళ్లినవి రెండు వందల రూపాయల పార్లర్లు. అక్కడ పాలతోనే చేస్తారు కదా మరి?

వన్‌టౌన్_వాసి
చేస్తారు. ఆ మాట నిజమే. అయితే వేరే ఏదో ఉంది.

ఊర్వశి_బాల్కనీ
మా ఇంట్లో ఐస్‌క్రీమ్ అంటే సినిమా తర్వాతే. గాంధీనగర్‌లో మ్యాట్నీ చూసి, నడుచుకుంటూ బీసెంట్ రోడ్డుకి వచ్చి, అమ్మ జాకెట్టు ముక్కలు బేరమాడేదాకా మేం ఎదురుచూసేవాళ్లం. అద్దాల షాపులో అటూ ఇటూ అద్దాలే కాబట్టి ఒక్క కప్పు వంద కప్పుల్లా కనిపించేది. మా చెల్లి ఆ వందా లెక్కపెట్టడానికి కూర్చునేది, ఈలోపు దాని కప్పులోది కరిగిపోయేది.

గవర్నర్‌పేట_పాతకాపు
1984 నుంచి ఏడేళ్లు నేను బీసెంట్ రోడ్డులోనే ఒక ఐస్‌క్రీమ్ షాపులో పనిచేశాను. అద్దాల షాపు కాదు, దానికి నాలుగు షాపుల అవతల. కానీ అందరం చేసే పద్ధతి ఒకటే, ఒక షాపులో మాస్టర్ మానేస్తే ఇంకో షాపులో చేరేవాడు. కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

తెల్లవారుజామున నాలుగున్నరకి క్యాన్లలో గేదె పాలు వచ్చేవి. పెద్ద గిన్నెలో పోసి, అడుగంటకుండా గరిటెతో తిప్పుతూ నాలుగో వంతు ఇంకేదాకా మరిగించాలి. ఆ తిప్పేవాణ్ణి నేనే. పక్కన ఇంకొకరు చల్లటి పాలలో కస్టర్డ్ పౌడర్, కాస్త కార్న్‌ఫ్లోర్ ఉండలు లేకుండా కలిపి పోసేవారు. పంచదార చివర్న. జి.ఎం.ఎస్. పౌడర్, సి.ఎం.సి. పౌడర్ అని రెండు తెల్ల పొడులు ఉండేవి, అవి చిటికెడు. ఐస్‌క్రీమ్ పలుకులు పలుకులుగా కాకుండా మెత్తగా రావడానికి. చల్లారాక మెషిన్‌లో వేసేవాళ్లం. మెషిన్ రాకముందు చెక్క బకెట్టు. మధ్యలో డబ్బా, దాని చుట్టూ ఐసు ముక్కలు, రాళ్ల ఉప్పు. ఉప్పు వేస్తేనే ఐసు చల్లదనం సున్నా కంటే కిందికి, మైనస్ ఇరవై దాకా దిగుతుంది. ఒట్టి ఐసుతో పాలు గడ్డకట్టవు. ఆ హ్యాండిల్ తిప్పి తిప్పి మాకు జబ్బలు పడిపోయేవి.

పద్మ గారూ, పసుపు రంగు అన్నారు కదా, అది కస్టర్డ్‌ది. ఇప్పటి పార్లర్లలో కస్టర్డ్ పౌడర్ వాడరు, క్రీమ్ వాడతారు. క్రీమ్ వేరే దారి, కస్టర్డ్ వేరే దారి. నాన్నగారు వెతుకుతున్నది మరిగిన గేదె పాల వాసన అనుకుంటున్నాను. ఆ కప్పులో అడుగున ఏమైనా ఉండేదా? పైన ఏం పెట్టేవారు? గుర్తు చేసుకుని చెప్పండి.

పటమట_పద్మ
పాతకాపు గారూ, మీ పోస్టు నాన్నకి చదివి వినిపించాను. "గరిటె అడుగున గీసిన చప్పుడు బయటికి వినపడేది" అన్నారు! పైన ఒక వేఫర్ బిస్కెట్, ఎర్ర చెర్రీ. అడుగున ద్రాక్ష పళ్లు ఉండేవట. గట్టిగా గడ్డకట్టి, కొరికితే పళ్లు జివ్వుమనేవట. నాకు చెర్రీ ఒక్కటే గుర్తుంది. అన్నయ్యా నేనూ దాని కోసం కొట్టుకునేవాళ్లం.

బ్రాడీపేట_నాలుగోలైను
గుంటూరు నుంచి ఒక మాట. మీరంతా మెట్లు, అద్దాలు అంటున్నారు. మాకు శంకర్ విలాస్ సెంటర్ దగ్గర బండి మీద దొరికేది, పుల్ల ఐసు. సేమ్యా ఐసు, పాల ఐసు, ద్రాక్ష ఐసు. చెక్క డబ్బా మూత టపటపా కొడుతూ బండి వస్తే అరండల్‌పేట పిల్లలంతా వీధిలోనే. సేమ్యా ఐసులో చివర పుల్ల దగ్గర సేమ్యా అంతా దిగి ఉంటుంది. అది చప్పరించకుండా దాచుకునేవాళ్లం. ఏ పార్లర్‌లో దొరుకుతుంది ఆ ఆనందం?

కృష్ణలంక_కుర్రాడు
గుంటూరోళ్లు వచ్చేశారు. ఇక కారం మొదలు.

బ్రాడీపేట_నాలుగోలైను
కారం అంటే చెబుతా తమ్ముడూ. మా ఇంట్లో ఆవకాయ కలిపిన రోజు మధ్యాహ్నం అందరికీ పాల ఐసు కొనిపెట్టేది మా నాయనమ్మ. కారం నీళ్లతో పోదు, పాలతోనే పోతుందని. పెద్దయ్యాక చదివాను, మిరపలో మంట పుట్టించే పదార్థం నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. పాల ఐసు పెట్టింది అందుకే. చదువుకోని మనిషి, ఆమెకి ఎలా తెలిసిందో!

లబ్బీపేట_లక్ష్మి
పద్మ గారూ, నాన్నగారికి షుగర్ ఉందా? డాక్టరుని ఒకసారి అడిగి పెట్టండి. మా అత్తగారికి డాక్టరు అన్నం తర్వాత రెండు స్పూన్లు తినొచ్చన్నారు. ఆ రెండు స్పూన్ల కోసం ఆవిడ పొద్దుటి నుంచి ఎదురుచూస్తారు.

పటమట_పద్మ
షుగర్ లేదండీ. బీపీ ఒక్కటే.

హాస్టల్_బ్యాచ్
నేను విజయవాడలో ఇంటర్ చదివాను, హాస్టల్‌లో ఉండి. నెలకి ఒక ఆదివారం ఔటింగ్. మాది తిరువూరు దగ్గర పల్లెటూరు. మా నాన్న బస్సెక్కి వచ్చేవాడు, పంచె, భుజం మీద తువ్వాలు, చేతిలో జంతికల డబ్బా. ఒకసారి నేనే పట్టుబట్టి పార్లర్‌కి తీసుకెళ్లాను. ఆయనకి బటర్‌స్కాచ్ చెప్పాను. సగం తిని ఆపి, షాపాయన్ని అడిగాడు, "ఇది మా అమ్మకి కూడా కట్టివ్వండి, సాయంత్రం బస్సుకి పోతున్నా" అని.

తిరువూరు ఎనభై కిలోమీటర్లు. మే నెల. నాకు చాలా సిగ్గేసింది, నాన్నని లాక్కుపోదామనుకున్నాను. ఆ షాపాయన నవ్వలేదు. లోపలికి వెళ్లి ఐసు ముక్కలు, గుప్పెడు ఉప్పు ఒక కవర్‌లో వేసి, మధ్యలో కప్పు పెట్టి, దాని చుట్టూ నాలుగు పొరలు న్యూస్‌పేపర్, ఆ పైన గోనెపట్టా చుట్టి పురికొసతో కట్టాడు. "బస్సులో ఎండ పడని వైపు కూర్చోండి" అని చెప్పి పంపాడు. ఐస్‌క్రీమ్ డబ్బులే తీసుకున్నాడు.

ఇంటికి చేరేసరికి అది చిక్కటి పాలలా ఉందట. నాయనమ్మ గ్లాసులో పోసుకుని తాగి, "పట్నం పాలు ఇంత తియ్యగా ఉంటాయా" అందట. ఇప్పటికీ బటర్‌స్కాచ్ కప్పు చూస్తే ఆ పురికొస ముడి గుర్తొస్తుంది.

ఊర్వశి_బాల్కనీ
ఆ షాపాయన ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

రోహిణికార్తె
హాస్టల్_బ్యాచ్ పోస్టు రెండుసార్లు చదివాను. మా ఆవిడకి కూడా చదివి వినిపించాను.

సింగ్‌నగర్_శీను
ఈ చర్చ మా అన్న పంపిస్తే చూశాను. నాది అజిత్‌సింగ్ నగర్‌లో చిన్న ఐస్‌క్రీమ్ షాపు, పన్నెండేళ్ల నుంచి. పాతకాపు గారు చెప్పినట్టు పాలు మరిగించి చేసేది మాలాంటి చిన్నవాళ్లం కొద్దిమంది ఇంకా ఉన్నాం. పెద్ద కంపెనీల సరుకు అమ్మితే శ్రమ లేదు, ఫ్రిజ్ కూడా వాళ్లే ఇస్తారు. సొంతంగా చేస్తే లాభం తక్కువ, కరెంటు బిల్లు ఎక్కువ. అయినా సీతాఫలం, మామిడి రెండూ నేనే చేస్తాను. ఏప్రిల్ వచ్చిందంటే తెల్లారకముందే నున్న మార్కెట్‌లో ఉంటా. బంగినపల్లి ముక్కలకి, రసాలు గుజ్జుకి. రసాల గుజ్జు ఉడికించకూడదు, ఉడికిస్తే వాసన చచ్చిపోతుంది. పాలు పూర్తిగా చల్లారాక కలపాలి.

2024 సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు నీళ్లు మా వీధిలోకి వచ్చినప్పుడు షాపులో నాలుగు డీప్ ఫ్రిజ్‌ల నిండా సరుకు ఉంది. కరెంటు పోయింది. నీళ్లు మోకాలు దాటగానే నేనూ మా అన్నా టబ్బులన్నీ పై అంతస్తులకి మోశాం. ఎలాగూ కరిగిపోతుంది కదా అని ఆ రాత్రి బిల్డింగ్‌లో ఉన్న అందరికీ పంచాం. కింద నీళ్లు పెరుగుతున్నాయి, మెట్ల మీద కొవ్వొత్తి వెలుగులో పిల్లలు గిన్నెలు పట్టుకుని ఐస్‌క్రీమ్ తింటున్నారు. వాళ్లకి పండగ. పెద్దవాళ్లకి గొంతు దిగలేదు. పొద్దున చూస్తే ఖాళీ ఫ్రిజ్‌లు షాపులో పడవల్లా తేలుతున్నాయి.

నీళ్లు తీశాక కంప్రెసర్లలోంచి దోసిళ్లతో బురద తీశాం. రెండు బాగయ్యాయి, రెండు తుక్కుకి వేశాం. మళ్లీ షాపు తెరిచిన రోజు, ఆ రాత్రి తిన్న పిల్లలు వాళ్ల అమ్మానాన్నల్ని తీసుకుని వచ్చారు. డబ్బులిచ్చి కొనుక్కున్నారు. ఆ రోజు నేను ఇంకా ఏడవలేదు అనుకుంటుండగా ఏడ్చాను.

కృష్ణలంక_కుర్రాడు
శీను అన్నా, వచ్చే ఆదివారం మా ఇంటిల్లిపాదీ మీ షాపుకే.

న్యూజెర్సీ_బెజవాడ
ఇక్కడ మా ఫ్రీజర్‌లో లేని రకం లేదు. కానీ ప్రతి జనవరిలో స్వరాజ్య మైదానంలో బుక్ ఎగ్జిబిషన్ చూసి, దుమ్ము కొట్టుకుపోయిన కాళ్లతో బయటికొచ్చి బందరు రోడ్డు మీద నిలబడి తిన్న కోన్ ఐస్‌క్రీమ్... పుస్తకాల సంచి బరువు ఒక చేతిలో, కోన్ ఇంకో చేతిలో. చలికాలంలో ఐస్‌క్రీమ్ ఏంటని అమ్మ తిట్టేది. ఆ మైదానంలో ఇప్పుడు అంబేద్కర్ విగ్రహం ఉంది కదా, పోయినసారి వచ్చినప్పుడు చూసి వచ్చాను. గేటు ఎదురుగా కాసేపు నిలబడ్డాను.

వన్‌టౌన్_వాసి
పద్మ గారూ, ద్రాక్ష అన్నారు కదా, అది రెండు రోజుల నుంచి నా బుర్రలో తిరుగుతోంది. మాది పళ్ల వ్యాపారం, మా తాత కాలం నుంచి. ఎనభైల్లో మన షాపులకి వచ్చిన ద్రాక్ష ఇప్పటి ద్రాక్ష కాదు. అప్పుడు అనాబ్-ఎ-షాహి అని హైదరాబాద్ చుట్టుపక్కల తోటల నుంచి వచ్చేది. పెద్ద కాయ, లేత పసుపు పచ్చ, లోపల గింజలు. గుజ్జు ఎక్కువ, పులుపు తక్కువ. తర్వాత గింజల్లేని థాంసన్ రకం వచ్చి జనం దానికే అలవాటు పడ్డారు. ఇప్పుడు మార్కెట్‌లో గింజ ద్రాక్ష అడిగితే నల్లది చూపిస్తారు, అది వేరే రకం. నాన్నగారిని ఒక్క మాట అడగండి, ఆ ద్రాక్షలో గింజలు ఉండేవా అని.

రోహిణికార్తె
ఒక గింజ కోసం ఇంత పరిశోధనా? అయినా అడగండి, నాకూ తెలుసుకోవాలని ఉంది.

పటమట_పద్మ
అడిగాను. నాన్న వెంటనే చెప్పారు. "ఉండేవి. మీ అమ్మ నీ కప్పులో ద్రాక్షలన్నీ తీసి, నోటితో చీల్చి, గింజలు తీసేసి మళ్లీ నీ కప్పులో వేసేది. అది అయ్యేదాకా తన ఫ్రూట్ సలాడ్ ముట్టుకునేది కాదు."

అమ్మ పోయి తొమ్మిదేళ్లు. ఇది నాకు అసలు గుర్తే లేదు. నాకు చెర్రీ ఒక్కటే గుర్తుంది అని మొన్న ఇక్కడే రాశాను.

ఊర్వశి_బాల్కనీ
పద్మ గారూ...

గవర్నర్‌పేట_పాతకాపు
అమ్మా పద్మా, ఇంట్లోనే చేద్దాం. మెషిన్ అక్కర్లేదు. చెప్పినట్టు చెయ్యి.

చిక్కటి గేదె పాలు ఒక లీటరు. అందులోంచి ఒక చిన్న గ్లాసు పాలు చల్లగా ఉండగానే తీసి పక్కన పెట్టు. మిగతావి సన్న మంట మీద ముప్పావు వంతుకి దిగేదాకా మరిగించు. మీగడ కడుతుంటే అందులోనే కలిపెయ్యి, తీసెయ్యకు. పక్కన పెట్టిన పాలలో మూడు చెంచాల వెనీలా కస్టర్డ్ పౌడర్ ఉండలు లేకుండా కలిపి, మరిగే పాలలో పోస్తూ తిప్పు. ఐదు నిమిషాల్లో గరిటె వెనక పూతలా అంటుకుంటుంది. అప్పుడు నూట యాభై గ్రాముల పంచదార. తియ్యదనం కాస్త ఎక్కువ అనిపించాలి, గడ్డకట్టాక తీపి తగ్గుతుంది. పూర్తిగా చల్లార్చి ఫ్రీజర్‌లో పెట్టు. అంచులు గట్టిపడి మధ్యలో మెత్తగా ఉన్నప్పుడు తీసి మిక్సీలో ఒక్క నిమిషం తిప్పి మళ్లీ పెట్టు. ఇలా రెండుసార్లు. ఆ తిప్పడంలోనే ఐసు పలుకులు విరిగి, గాలి ఎక్కి, మెత్తదనం వస్తుంది. ద్రాక్షలు విడిగా గడ్డకట్టించి కప్పు అడుగున వెయ్యి. స్టీలు కప్పు మర్చిపోకు. గాజుది వద్దు, స్టీలుది చేతికి చల్లగా తగలాలి.

వన్‌టౌన్_వాసి
ద్రాక్ష పూచీ నాది. ఆ పాత రకం ఎక్కడైనా తోటలో మిగిలి ఉంటే తెలిసినవాళ్ల ద్వారా తెప్పిస్తా. సీజన్ ఇదే. దొరక్కపోతే నల్ల గింజ ద్రాక్ష పంపుతా.

పటమట_పద్మ
నిన్న రాత్రి చేశాను. పాలు మరిగిస్తుంటే నాన్న వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. గరిటె గీస్తున్నప్పుడు "అదే, ఆ చప్పుడే" అన్నారు. ఈ రోజు మధ్యాహ్నం స్టీలు కప్పులో పెట్టి ఇచ్చాను. దొరికింది గింజల్లేని ద్రాక్షే, అదే వేశాను. వేఫర్ పెట్టాను. చెర్రీ మాత్రం ఆయన తీసి నా కప్పులో వేశారు.

మొత్తం తిన్నారు. కప్పు గీకి మరీ తిన్నారు. ఆ తర్వాత, "దగ్గరికి వచ్చింది. గింజ ఉంటే ఇంకా బాగుండేది" అన్నారు. రాత్రి అన్నం కూడా అడిగి పెట్టించుకున్నారు.

రోహిణికార్తె
నేను మొదట్లో రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నా పద్మ గారూ. ఆ రుచి ఐస్‌క్రీమ్‌లోనే ఉంది.

వన్‌టౌన్_వాసి
నల్ల గింజ ద్రాక్ష రెండు కిలోలు రేపు పొద్దున పటమట పంపిస్తున్నా. పాత రకం కోసం ఇంకా అడుగుతున్నా.

సింగ్‌నగర్_శీను
రెండు కిలోలూ పద్మ గారింటికే ఎందుకన్నా, ఒక కిలో నాకు పంపండి. పాతకాపు గారు ఆదివారం ఒక పూట వచ్చి పక్కన నిలబడి చెబితే, అదే పద్ధతిలో నా షాపులో ఒక పెద్ద బ్యాచ్ తీస్తా. పెద్దాయన్ని తీసుకుని అందరూ రండి.

గవర్నర్‌పేట_పాతకాపు
పొద్దున్నే పాలు తెప్పించి పెట్టు నాయనా. ఆరింటికి నీ దగ్గరుంటా.

పటమట_పద్మ
శీను గారూ, నాన్నకి మోకాళ్ల నొప్పులు. మీ షాపుకి మెట్లు ఉన్నాయా?

సింగ్‌నగర్_శీను
రెండు ఉన్నాయక్కా. ఎక్కనవసరం లేదు, కుర్చీ కిందే చెట్టు నీడలో వేయిస్తా. స్టీలు కప్పులు మాత్రం నా దగ్గర లేవు, అన్నీ కాగితం కప్పులే.

పటమట_పద్మ
కప్పులు నేను తెస్తాను. అమ్మవి ఆరు ఉన్నాయి.